ఫ్లూ మహమ్మారి: వైద్య సిబ్బందికి ఏం తెలిసి ఉండాలి?

దేశంలో తొలి హెచ్‌1ఎన్‌1 కేసు 2009 మే నెలలో హైదరాబాద్‌లో నిర్ధారణ అయింది. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని మహమ్మారిగా ప్రకటించింది. ఆగస్టులో పుణెలో తొలి మరణం సంభవించాక ఆసుపత్రుల వద్ద జనం బారులు తీరారు.

వచ్చిన వారందరికీ పరీక్ష అవసరం లేదని నచ్చజెప్పడమే అప్పుడు సిబ్బందికి కఠినమైన పని. కేంద్ర ఆరోగ్య శాఖ రోగులను మూడు వర్గాలుగా విభజించింది. స్వల్ప జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఉంటే 'ఎ' వర్గం. వీరికి పరీక్ష గానీ, ఒసెల్టామివిర్ మందు గానీ అక్కరలేదు. గర్భిణులు, వృద్ధులు, దీర్ఘకాలిక వ్యాధిగ్రస్తులు 'బి' వర్గంలోకి వస్తారు. వీరికి పరీక్ష లేకుండానే మందు ఇవ్వవచ్చు. ఆయాసం, ఛాతీనొప్పి, రక్తపోటు పడిపోవడం వంటి లక్షణాలుంటే 'సి'. అలాంటి వారిని వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. ఫలితం వచ్చేదాకా చికిత్స ఆపరాదు.

సాధారణ సేవలకు మూడు పొరల మాస్కు చాలు. గొంతు నుంచి నమూనా తీసేవారికి, శ్వాసనాళంలో గొట్టం అమర్చేవారికి ఎన్‌95 కావాలి. రక్షణ దుస్తులు ధరించడం కంటే విప్పడంలోనే పొరపాట్లు ఎక్కువ. ముందుగా చేతి తొడుగులు, అన్నింటికన్నా చివర మాస్కు తీయాలి. మాస్కు ముందు భాగాన్ని ముట్టుకోకుండా తాళ్లు పట్టుకుని తీసి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఈ క్రమం కరపత్రం చదివితే రాదు, చేసి చూస్తేనే అలవడుతుంది. వార్డు ఊడ్చే ఆయాకూ, అంబులెన్స్ డ్రైవరుకూ కూడా ఈ శిక్షణ అవసరమే.