గొంతులోని గొలుసుజీవి

పిల్లవానికి జ్వరము వచ్చి, గుటక పడనంత గొంతునొప్పి కలిగినదనుకొందము. నోరు తెరిపించి చూచినచో టాన్సిల్స్ ఎర్రగా వాచి, వానిపై తెల్లని చీము కానవచ్చును. ఇది ఏ జీవి పని? కంటిచూపుతో నిశ్చయించుట అనుభవము గల వైద్యునకును కష్టమే. పిల్లల గొంతునొప్పులలో అధికభాగము వైరస్‌ల వలన వచ్చి, వానంతట అవే తగ్గిపోవును. కాని కొన్నిటికి కారణము స్ట్రెప్టోకాకస్ అను బాక్టీరియా. దానిని గుర్తింపక విడిచినచో, గొంతు మానిన రెండు మూడు వారములకు కొందరు పిల్లలలో కీళ్ళనొప్పులతో రుమాటిక్ జ్వరము తలయెత్తి, గుండె కవాటములను చెరచును. మన దేశమున నేటికిని ఈ కవాటవ్యాధితో బాధపడువారు తక్కువ కాదు.

ఆ పేరు పెట్టినవాడు వియన్నాలోని శస్త్రవైద్యుడు బిల్‌రోత్. 1874లో అతడు చీముపట్టిన గాయములలో గొలుసువలె కూడిన గుండ్రని జీవులను చూచి, మెలిగొలుసు, గింజ అను అర్థములు గల గ్రీకు మాటలను జతపరచెను. అయితే సూక్ష్మదర్శినిలో ఇవి అన్నియు ఒక్క పోలికే. ఆరోగ్యవంతుని నోటిలో నిరపాయముగ నుండునవియు గొలుసులే, ప్రాణము తీయునవియు గొలుసులే!

1903లో జర్మను వైద్యుడు షాట్‌ముల్లర్ వీనిని రక్తము కలిపిన అగార్‌పై పెంచెను. కొన్నిటి చుట్టు ఎర్రకణములు కరగి తేటయైన వలయము ఏర్పడెను. కొన్నిటి చుట్టు ఆకుపచ్చని ఛాయ మాత్రమే కనిపించెను. 1919లో అమెరికా శాస్త్రజ్ఞుడు బ్రౌన్ పచ్చఛాయకు ఆల్ఫా అనియు, తేటవలయమునకు బీటా అనియు, ఏ మార్పును లేనిదానికి గామా అనియు పేరులిడెను.

చిక్కు అంతటితో తీరలేదు. మనుష్యుల గొంతునుండి తీసినవియు, ఆవుల పొదుగువాపునుండి తీసినవియు బీటా వలయమునే చూపుచుండెను. ఈ ముడిని విప్పినది న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేసిన రెబెకా లాన్స్‌ఫీల్డ్. ఆమె బాక్టీరియాను హైడ్రోక్లోరికామ్లములో వేడిచేసి, కణకవచమునందలి కార్బోహైడ్రేటును వెలికి దీసెను. ఆ ద్రవమును, అదే వర్గపు జీవులతో నిరోధశక్తి కల్పించిన కుందేలు సీరముతో కలిపినచో తెల్లని అవక్షేపము ఏర్పడును. వర్గము వేరైనచో ఏర్పడదు. ఇంత సాదా పరీక్షతో 1933లో ఆమె ఎ, బి, సి, డి, ఇ అను వర్గములను వేరుపరచెను. గొంతువ్యాధి కలిగించునవి మిక్కిలిగా ‘ఎ’ వర్గమునకు చెందినవి; పొదుగువాపువి ‘బి’. ఆ ‘ఎ’ వర్గములోను ఎమ్ అను ప్రోటీనును బట్టి అనేక రకములు కలవు. ఒక రకమునకు కలిగిన నిరోధశక్తి మరియొకదానికి చాలదు. ఒకే పిల్లవానికి ఈ వ్యాధి మాటిమాటికి వచ్చుటకు ఇది యొక కారణము.

వయోమింగ్‌లోని సైనిక స్థావరమున జరిపిన పరిశీలన 1950లో వెలువడినది. గొంతునొప్పి దశలోనే పెనిసిలిన్ పొందిన సైనికులలో రుమాటిక్ జ్వరము చాల అరుదయ్యెను. అంతవరకు పరిశోధకుల పనిగానున్న గుర్తింపు, ఇక ప్రతి వైద్యునకు అవసరమైనది. రోచెస్టరు నగరమున పిల్లల వైద్యుడు బ్రీస్, రక్తపు అగార్ పళ్ళెములను తన వైద్యశాలలోనే ఉంచి పరీక్షించు పద్ధతిని 1954లో ప్రకటించెను. అందు ఫలితమునకు మరునాటి వరకు వేచియుండవలెను. నేడు కొద్ది నిమిషములలో తేల్చు పరీక్షలును కలవు. గొంతునుండి దూదిపుల్లతో తీసిన స్రావములో అవి వెదకునది, లాన్స్‌ఫీల్డ్ ‘ఎ’ వర్గమునకు గుర్తుగ నిలిపిన ఆ కార్బోహైడ్రేటునే.