కారులోని పాత కంప్యూటర్ పీకేసే ముందు ఈ కథ వినండి



మీ బైక్ 2020 తర్వాత కొన్నదైతే ఒకసారి దాని స్టిక్కర్లు చూడండి. చాలా బైకుల మీద 'ఎఫ్ఐ' అని ఉంటుంది. అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్. ఆ ఏడాది ఏప్రిల్‌లో బీఎస్6 రూల్ వచ్చాక కార్బ్యురేటర్ బైకులు షోరూముల్లోంచి దాదాపు మాయమైపోయాయి. ఇప్పుడు ఇంజన్‌కి ఎప్పుడు ఎంత పెట్రోల్ పొయ్యాలో ఒక చిన్న కంప్యూటర్ లెక్కేస్తోంది.

మరి ఆ కంప్యూటర్ ముసలిదైపోతే? దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో ఆపేసి ఉంటే? మనకింకా ఈ సమస్య రాలేదు. కానీ యూరప్‌లో, అమెరికాలో యాభై ఏళ్ళనాటి కార్లు దాచుకున్నవాళ్ళకి ఇది రోజూ ఉండే తలనొప్పి. ఈ ఎపిసోడ్ వాళ్ళ గురించే.

కథ 1950ల్లో అమెరికాలో మొదలవుతుంది. బెండిక్స్ అనే కంపెనీ 'ఎలక్ట్రోజెక్టర్' అనే సిస్టమ్ తయారుచేసింది. పెట్రోల్‌ని ఎలక్ట్రానిక్స్‌తో కంట్రోల్ చెయ్యడం అన్నమాట. 1958 మోడల్ క్రైస్లర్, డిసోటో, డాడ్జ్, ప్లిమత్ కార్లలో కొన్నిటికి పెట్టి అమ్మారు. ఐడియా సూపర్. కానీ అప్పటి కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు ఇంజన్ పక్కన ఉండే వేడికి, తేమకి తట్టుకోలేదు. కస్టమర్లు గగ్గోలు పెట్టారు. ఆ కొద్ది కార్లలో ఎక్కువ భాగానికి ఆ సిస్టమ్ తీసేసి, మళ్ళీ పాత కార్బ్యురేటర్లే బిగించేశారు.

ఈ 'తీసేశారు' అన్న మాట గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

తర్వాత బెండిక్స్ పేటెంట్ల లైసెన్స్ జర్మనీలోని బాష్ తీసుకుంది. ఇంతలో అమెరికాలో 1968 మోడల్ కార్లకి పొగ రూల్స్ వచ్చాయి. ఆ ఒత్తిడిలోంచే 1967లో 'డి-జెట్రానిక్' పుట్టింది. మొదట వచ్చింది ఫోక్స్‌వాగన్ 1600లో. తర్వాత పోర్షే 914, వోల్వో 1800ఈ, కొన్ని మెర్సిడెస్, సిట్రోయెన్ కార్లలోకి కూడా వెళ్ళింది.

ఇక్కడ నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి మతి పోయే విషయం ఒకటుంది. ఇంటెల్ మొదటి మైక్రోప్రాసెసర్ 4004 వచ్చింది 1971లో. అంటే 1967 నాటి ఈ 'కంప్యూటర్'లో ప్రాసెసర్ లేదు, మెమరీ లేదు, ఒక్క లైన్ కోడ్ కూడా లేదు! మొత్తం అనలాగ్. రెండు మూడు డజన్ల ట్రాన్సిస్టర్లు, వాటి చుట్టూ రెసిస్టర్లు, కెపాసిటర్లు. అంతే.

మరి లెక్క ఎలా వేస్తుంది? 'డి' అంటే జర్మన్‌లో 'డ్రుక్'. మన భాషలో ఒత్తిడి. ఇంజన్ పీల్చే గాలి ఒత్తిడిని కొలిచే సెన్సర్ ఒకటుంది. దాని లోపల గాలి తీసేసిన చిన్న లోహపు డబ్బీలుంటాయి. యాక్సిలరేటర్ తొక్కితే ఒత్తిడి మారి, ఆ డబ్బీలు కొంచెం నొక్కుకుంటాయి. దాంతో కాయిల్ మధ్యలో ఉన్న ఇనుప ముక్క జరుగుతుంది. అది జరిగినదాన్ని బట్టి ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉండాలో తేలుతుంది. ఇంజన్ చల్లగా ఉంటే ఇంకొంచెం ఎక్కువసేపు తెరుస్తుంది. ఈ సిస్టమ్‌కి అదే ప్రోగ్రామ్. కోడ్‌లో కాదు, లోహంలో రాశారు.

సరే, ఇప్పుడు అసలు పాయింట్.

యాభై ఏళ్ళు గడిచాయి. బండి మొరాయిస్తోంది. నల్ల పొగ, వాసన, సిగ్నల్ దగ్గర ఆగిపోవడం. మెకానిక్ బానెట్ ఎత్తి చూస్తాడు. అర్థంకాని పెట్టె ఒకటి కనిపిస్తుంది. "ఇదే పోయింది సార్, మార్చేద్దాం." ఈ డైలాగ్ ఏ దేశంలోనైనా ఒకటే.

మార్చడానికి ఇప్పుడు దారులున్నాయి. 2001లో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు అమెరికన్లు 'మెగాస్క్వర్ట్' తెచ్చారు. ఎవరికివాళ్ళు టంకం పెట్టి తయారుచేసుకునే ఇంజన్ కంప్యూటర్ కిట్. ఆ తర్వాత ఆర్డుయినో మీద నడిచే 'స్పీడుయినో' లాంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులూ వచ్చాయి. వీటిలో పెట్రోల్ లెక్కంతా ఎక్సెల్ షీట్ లాంటి టేబుల్. ఒకవైపు ఇంజన్ స్పీడు, ఇంకోవైపు గాలి ఒత్తిడి. లాప్‌టాప్ తగిలించి, గడిలో నంబర్ మారిస్తే ఇంజన్ స్వభావమే మారిపోతుంది. సైలెన్సర్ పైపులో ఆక్సిజన్ సెన్సర్ పెడితే మిక్స్చర్ సరిగ్గా ఉందో లేదో స్క్రీన్ మీదే కనిపిస్తుంది.

వినడానికి భలే ఉంది కదా? రెండు చిక్కులున్నాయి.

మొదటిది, చాలాసార్లు తప్పు ఆ పెట్టెది కాదు. అది గట్టి పిండం. పాడయ్యేవి దాని చుట్టూ ఉన్నవి. ప్రెషర్ సెన్సర్‌లోని పల్చటి డయాఫ్రమ్ చిట్లుతుంది. వేడికి వైర్ల తొడుగు పెళుసెక్కి రాలిపోతుంది. డిస్ట్రిబ్యూటర్‌లోని కాంటాక్ట్ పాయింట్లు అరిగిపోతాయి. అదే కుళ్ళిన వైరింగ్‌కి కొత్త కంప్యూటర్ తగిలిస్తే ఏమవుతుంది? కొత్త కంప్యూటర్, పాత జబ్బు.

రెండోది చలి స్టార్ట్. నడిచే ఇంజన్‌ని ట్యూన్ చెయ్యడం తేలికే. కానీ పొద్దున్నే చల్లటి ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కి అందుకోవాలంటే ఎంత పెట్రోల్ ఎక్కువ ఇవ్వాలి? టెస్ట్ చేద్దామంటే ఇంజన్ ఒకసారి వేడెక్కాక పూర్తిగా చల్లారడానికి గంటలు పడుతుంది. అంటే దాదాపు రోజుకి ఒక్క ట్రయల్! గడ్డకట్టే చలికి సెట్ చెయ్యాలంటే శీతాకాలం వచ్చేదాకా ఆగాలి. ఆ లెక్కలన్నీ అప్పటి ఇంజనీర్లు తేల్చేసి, ఆ రెసిస్టర్లలో దాచిపెట్టారు. పెట్టె తీసి పారేస్తే, ఆ లెక్కలు కూడా పోయినట్టే.

ఇది నాకు గట్టిగా తగలడానికి ఒక కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత బిల్లింగ్ మాడ్యూల్‌ని తిరగరాసే పని నాకిచ్చారు. అందులో ఒక వింత 'ఇఫ్' కండిషన్ ఉంది. ఎందుకుందో అర్థం కాలేదు. రాసినవాడెవడో తెలివిలేనోడు అనుకుని తీసేశా. నెలాఖరున కొంతమంది కస్టమర్లకి బిల్లు రెండుసార్లు వెళ్ళింది. రెండు రాత్రులు ఆఫీసులోనే ఉండి సరిచేశాను. ఆ 'ఇఫ్' సరిగ్గా దాన్ని ఆపడానికే పెట్టారట. తెలివిలేనోడు ఎవరో ఆ రోజు తెలిసింది.

అలాగని పాతదాన్నే పట్టుకుని వేలాడమని కాదు. పార్ట్ దొరక్కపోతే, కారు రోడ్డెక్కాలంటే మార్చాల్సిందే. షెడ్డులో పడుకున్న కారు కన్నా కొత్త మెదడుతో తిరిగే కారే నయం. కానీ తెలిసినవాళ్ళు ఒక పద్ధతి పాటిస్తారు. ముందు సెన్సర్లు, వైర్లు, సుమారు 2 బార్ ఉండాల్సిన పెట్రోల్ ప్రెషర్ చెక్ చేస్తారు. అవన్నీ బాగుంటేనే పెట్టె మీద అనుమానం. మార్చాల్సొస్తే ఒరిజినల్ వైరింగ్ కొయ్యరు, పక్కన కొత్తది వేస్తారు. పాత పెట్టెని జాగ్రత్తగా చుట్టి అటక మీద పెడతారు.

ఎందుకంటే... ఇందాక గుర్తుపెట్టుకోమన్నా కదా, 1958 మోడల్ కార్లలోంచి తీసేసిన ఆ ఎలక్ట్రోజెక్టర్లు? అప్పుడవి పనికిరాని చెత్త. ఇవాళ వాటిలో ఒకటి పూర్తిగా దొరకడమే అపురూపం. ఈ రోజు మీ బైక్‌ని నడిపిస్తున్న టెక్నాలజీకి అవి ముత్తాతలు. పీకేసిన రోజున ఆ సంగతి ఎవరికీ తెలీదు.

మీ ఇంట్లో చోక్ లాగి స్టార్ట్ చేసే పాత బండి ఇంకా ఉందా? దాంట్లో ఏం మార్చారు, ఏం దాచారు? కామెంట్‌లో రాయండి, నేను చదువుతా. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.