మూత్రాశయ క్యాన్సర్ చికిత్సలో గురిపెట్టిన రేడియేషన్

మూత్రాశయ క్యాన్సర్ ఒంట్లో పాకిందంటే మందులే దిక్కని వైద్యులు చాలాకాలం నమ్మారు. కారణం లేకపోలేదు. 1985లో న్యూయార్క్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రం వైద్యులు ప్రకటించిన ఎం-వ్యాక్ అనే నాలుగు మందుల కలయికతో, పాకిన వ్యాధి కూడా కరగడం కనిపించింది. ముదిరిన దశలో రేడియేషన్ నొప్పినీ రక్తస్రావాన్నీ తగ్గించడానికే పరిమితమైంది. కానీ మందులతో కరిగిన గడ్డలు చాలామందిలో మొదట ఉన్నచోటే మళ్లీ లేచాయి. మందులకు లొంగాక కొద్దిచోట్ల మాత్రమే వ్యాధి మిగిలినవారికి అక్కడే గురిపెట్టి రేడియేషన్ ఇచ్చి చూడాలనడానికి ఆధారం ఇదే.

మందు, రేడియేషన్ కలిస్తే బలమని పాకని దశలో ముందే తేలింది. 2012లో వెలువడిన బ్రిటన్ బీసీ2001 పరీక్షలో 360 మంది పాల్గొన్నారు. రెండేళ్లకు మూత్రాశయంలోనూ చుట్టుపక్కలా వ్యాధి తిరగబెట్టనివారు రేడియేషన్ ఒక్కటే పొందినవారిలో 54 శాతం, మందులూ కలిపి పొందినవారిలో 67 శాతం. పాకినదాన్ని చోటుచోటునా కాల్చి లాభమేమిటన్నది సహజమైన సందేహం. కొద్దిచోట్లకే పాకిన రకరకాల క్యాన్సర్లపై 2019లో వచ్చిన సాబర్-కామెట్ పరీక్ష దీనికి కొంత జవాబిచ్చింది: మామూలు చికిత్సకు గురిపెట్టిన రేడియేషన్ తోడైతే మధ్యస్థ జీవితకాలం 28 నెలల నుంచి 41 నెలలకు పెరిగింది. అయితే అందులో రొమ్ము, ఊపిరితిత్తి, పెద్దపేగు, ప్రొస్టేట్ క్యాన్సర్లే ఎక్కువ. పైగా రేడియేషన్ పొందిన 66 మందిలో ముగ్గురు చికిత్స వల్లే చనిపోయారు. కాబట్టి ఇది ఆశకు ఆధారమే గాని, మూత్రాశయ క్యాన్సర్‌కు రుజువు కాదు.

కొత్త మందులొచ్చాక రేడియేషన్ దేనికన్నది మరో అభ్యంతరం. 2024లో ప్రచురితమైన పరీక్షలో ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ కలిపి ఇస్తే మధ్యస్థ జీవితకాలం 31.5 నెలలు; పాత కీమోతో 16.1 నెలలే. ఇది పెద్ద మేలే. అయినా ఆ మందుల ప్రభావం అందరిలో నిలవదు, ఖరీదు సామాన్యుడికి అందదు. రేడియేషన్ వాటికి పోటీ కాదు, తోడు.

పల్నాడుకు ఈ ప్రశ్న మరీ దగ్గరిది. మాచర్ల, గురజాల రోగులకు గుంటూరు జనరల్ ఆసుపత్రిలోని నాట్కో క్యాన్సర్ కేంద్రం చాలా దూరం. మామూలు రేడియేషన్‌కు నాలుగు నుంచి ఆరువారాలు పడితే, గురిపెట్టినది కొద్ది విడతల్లో ముగుస్తుంది. కూలి పోగొట్టుకునే ఇంటికి ఆ తేడా చిన్నది కాదు. అలాగని రుజువుకు ముందే దీన్ని అందరికీ రాయకూడదు. ఇలాంటి దూరప్రాంతాల రోగులను కూడా చేర్చుకునే పరీక్షలు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరగాలి. ఎవరికి మేలో, ఎవరికి కీడో తేల్చే దారి అదే.