తాము ఆడని ఆటలో పగ పుట్టిన విధము

పల్నాటిసీమలో గురజాలకును మాచెర్లకును నడుమ పుట్టిన వైరమును తలచినప్పుడెల్ల నాకొక విశేషము స్ఫురించుచుండును. ఆ వైరమునకు నెపమైన ఆటలో నాయకురాలు నాగమ్మగాని బ్రహ్మనాయుడుగాని స్వయముగా బరిలోనికి దిగలేదు, దిగినవి కోళ్ళు. తాను ఆడక, తాను ఎన్నుకొని, మేపి, తీర్చిన మరియొక ప్రాణిచేత ఆడించు ఆటలో పుట్టిన స్పర్ధ, తాను ఆడిన ఆటలోని స్పర్ధకంటె దీర్ఘాయువు కలదియని నా విశ్వాసము. ఈ కాలపు యువకులు కంప్యూటరు తెరయెదుట ఫుట్‌బాల్ క్లబ్బులకు మేనేజరులై, ఒక్క బంతినైనను కాలితో తాకకయే, ఒకే ప్రత్యర్థిపై కసిబూని రాత్రులు గడుపు తీరును గమనించిన పిమ్మట ఆ విశ్వాసము మరింత దృఢపడినది.

పండ్రెండవ శతాబ్ది ఉత్తరార్ధమున పల్నాటి నేలిన హైహయవంశమునందు అలుగురాజునకు భార్యలు పెక్కురు, కుమారులు పెక్కురు. మైలమదేవి కొడుకు నలగామరాజు గురజాలలో రాజ్యము చేయుచుండగా, సవతితమ్ముడైన మలిదేవునకును అతని తోబుట్టువులకును మాచెర్ల భాగముగా వచ్చెను. మాచెర్లలో బ్రహ్మనాయుడును గురజాలలో నాగమ్మయు మంత్రిత్వము వహించిరి. కోడిపందెమున ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని పణము. మాచెర్లవారు ఓడిరి, పోయిరి. గడువు తీరిన పిమ్మట తమ భాగమును కోరుటకై రాయబారమేగిన అలరాజు, నలగామునకు స్వయముగా అల్లుడయ్యును, విషప్రయోగమునకు బలియయ్యెను. తుదకు కారెంపూడిలో, నాగులేటి గట్టున, బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు మొదలుగా వీరులనేకులు నేలకొరిగిరి. శ్రీనాథుని పేర వెలసి, 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారిచే పరిష్కృతమై ప్రకటితమైన ద్విపద కావ్యమును చదివినవారికి ఇందు క్రొత్త యేమియు లేదు.

అయినను స్పర్ధ యొక్క పుట్టుక నరయువానికి ఈ కథ మొదటి పాఠము. నలగామ మలిదేవులిరువురును పరాయివారు కారు. ఒక తండ్రి ఆస్తిని పంచుకొన్నవారు, ఒకరి పొలిమేర ఒకరికి కనబడునంత దాపున నున్నవారు. దూరపువానితో యుద్ధము కలుగవచ్చునుగాని స్పర్ధ కలుగదు. మరియు కోడికి పగ లేదు. ఏ యీక వన్నె కలది డేగ, ఏది కాకి, ఏది నెమలి, ఏ దినమున ఏ వన్నెకు జయమో కుక్కుటశాస్త్రము విస్తరించి చెప్పినది గాని, పోయినయేడు తన్నోడించిన దెవ్వరో కోడి యెరుగదు. మరుసటి యేటికది బ్రతికియుండుటయే అరుదు. ఎరిగినవాడు దానిని మేపినవాడు. ఆడినది పోవును, ఆడించినవాడు మిగులును, అతనితోపాటు పద్దు మిగులును.

ఆ పద్దును పల్నాటివారు నేటికిని చెరిపివేయలేదు. ఏటేట కార్తిక అమావాస్య మొదలుకొని ఐదు దినములు కారెంపూడి వీరులగుడి యొద్ద రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేళ్ళతో ఆ వృత్తాంతమంతయు ఆచారముగా మరల నడచును. వీరవిద్యావంతులు అను గాయకులు గాథను గానము చేయుదురు. కథలో మొదట జరిగిన కోడిపోరు ఆచారములో రాయబారమునకు తరువాత వచ్చుట చిత్రము. కాలక్రమముకంటె గాయము యొక్క ముఖ్యతయే అక్కడ క్రమమైనట్లు నాకు తోచును. బ్రహ్మనాయుడు సర్వవర్ణములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టిన చాపకూడును మందపోరునాడు స్మరించుదురు గనుక, అక్కడ నిలిచినది పగ యొక్క జ్ఞాపకము మాత్రమే కాదనియు చెప్పవలెను.

కోళ్ళను విడిచి ఎడ్లకడకు వచ్చినచో, పత్తితీతలు ముగిసి మిరపపండ్లు కల్లములలో ఎర్రగా ఎండుచున్న దినములలో, గుంటూరు ప్రకాశము మండలములందలి తిరునాళ్ళకు ఒంగోలుజాతి ఎడ్లు బండలాగుటకై వచ్చును. రెండుపళ్ళు, నాలుగుపళ్ళు, ఆరుపళ్ళు అని వయస్సునుబట్టి తరగతులు, నిర్ణీతమైన కాలము, ఆ కాలములో బండ కదలిన దూరము అడుగులలో కొలత. మైకులో పిలుచునది ఎడ్ల యజమాని పేరు, అతని ఊరు. పది సంవత్సరములలో జతలు మారును, ఆ రెండు ఊళ్ళ నడుమ నున్న పంతము మారదు; తండ్రి జతకు కలిగిన ఓటమిని కొడుకు జత తీర్చుటయు కలదు. ఇట్టి యజమాని కంప్యూటరు ఫుట్‌బాల్ ఆటలోని మేనేజరునకు అన్ని విధముల సగోత్రుడు.

ఆ ఆట పుట్టుక ఇంగ్లండులో. 1982లో కెవిన్ టామ్స్ అనునాతడు సింక్లెయిర్ వారి చిన్న కంప్యూటరు యంత్రములకై ‘ఫుట్‌బాల్ మేనేజర్’ అను ఆటను రచించెను. ఆడువాడు నాలుగవ డివిజనునందు మొదలిడి, ఆటగాండ్రను కొనుచు అమ్ముచు పైకెక్కవలెను. ప్రత్యర్థి జట్టు అందులో ఒక పేరును, కొన్ని అంకెలును మాత్రమే. నిన్నటి ఓటమికి రేపటితో సంబంధము లేదు. పిదప 1992లో పాల్, ఆలివర్ అను కోలియర్ సోదరుల ‘ఛాంపియన్‌షిప్ మేనేజర్’ వెలువడెను. మొదటి కూర్పులో ఆటగాండ్ర పేళ్ళు కల్పితములు. మరుసటి కూర్పునందే నిజమైన పేళ్ళు చేరెను. అప్పుడే లోకము మారినది. పేరు గలవాడు వయస్సు మళ్ళును, అమ్ముడుపోవును, పొరుగు క్లబ్బులో చేరి మనమీదనే గోలు కొట్టును. ఆ గోలును ఆడువాడు మరువడు.

ఇక్కడ గురజాల మాచెర్లలను తలపించు పంపకమొకటి జరిగినది. ఆటను నిర్మించిన సోదరుల సంస్థ స్పోర్ట్స్ ఇంటరాక్టివును, ప్రకటించిన ఐడాస్ సంస్థయు విడిపోగా, కీర్తిగన్న పేరు ప్రకాశకుల వంతును, ఆటగాండ్ర వివరముల భాండారమును ఆటను నడపు ప్రోగ్రామును సోదరుల వంతును అయ్యెను. సోదరులు 2004లో సేగా సంస్థ ద్వారా ‘ఫుట్‌బాల్ మేనేజర్’ అను పేరితో క్రొత్త ఆటను విడుదల చేసిరి. పాత పేరుగల ఆట ఆలస్యముగా 2005లో వచ్చి, కొలదికాలము పోరాడి క్షీణించెను. జనులు పేరును వెంబడింపక, తమ ఎరుకలోని ఆటగాండ్రు, తమ ఓటములు, తమ పంతములు ఎక్కడ నిలిచియున్నవో అక్కడికే పోయిరి. ఈ ఆటల చరిత్రలో దీనికంటె గొప్ప నిదర్శనము నాకు కనబడదు.

ఆ సోదరుల ఆటలో వైరములు రెండు తెరగులుగా వచ్చును. మొదటిది వారసత్వము: ఆయా దేశములందలి పరిశోధకులు ఏ క్లబ్బునకు ఏది పొరుగు పగయో, ఏది పాత పగయో ముందే వ్రాసియుంచుదురు. 1920లో జోరాబాగన్ క్లబ్బు మోహన్‌బగాన్‌తోడి ఆటకు శైలేశ్ బోసును తప్పించగా, అందుకు కినిసి వెలివచ్చిన సురేశచంద్ర చౌధురి ప్రభృతులు ఈస్ట్‌బెంగాల్ క్లబ్బును స్థాపించుట వంటి చరిత్రలు అట్టి వ్రాతల వెనుక నుండును. రెండవది స్వార్జితము: ఏండ్ల తరబడి పట్టికలో మనతో పైస్థానమునకై పెనగులాడిన క్లబ్బు క్రమముగా వైరియగును, విలేఖరుల యెదుట మనమాడిన పరుషవాక్యము ఎదుటి మేనేజరు మనస్సున నిలుచును, మన యోధుని వైరికే అమ్మినచో అభిమానులు మండిపడుదురు. ఇరువది సీజనులు గడచునప్పటికి మొదటి ఆటగాండ్రందరును విశ్రమించియుందురు. యంత్రమే సృష్టించిన కుర్రవాండ్రు ఆడుచుందురు. పగ మాత్రము అదే. పల్నాటి బరిలోని కోళ్ళకును ఈ కుర్రవాండ్రకును భేదమెంత?

ఆ యంత్రము ప్రతి ఆట ఫలితమును, ప్రతి సీజను పట్టికను దాచి అడిగినంతనే చూపుచుండగా, మన తిరునాళ్ళ బండపందెములలో ఏ జత ఎంతదూరము లాగినదో మైకులో విన్నవారి నోళ్ళలోనే యుండి, వారితోనే అంతరించుచున్నది. యజమాని పేరు, ఊరు, పళ్ళ తరగతి, బండ బరువు, అడుగులు, ఎదుటి జత — ఇంతమాత్రము ప్రతి తిరునాళ్ళ కమిటీయు ఒక బౌండుపుస్తకములో ఏటేట ఎక్కించి గుడిలోనో పంచాయతీలోనో భద్రపరచవలెనని నా ప్రార్థన. వృద్ధులైన యజమానులు ఇంకను ఉన్నారు. పాతసంవత్సరముల పద్దులను వారినడిగి వ్రాసికొనుటకు ఇదే అదను.