ఓడ డెక్కు నుంచి ప్రయోగశాల దాకా: ఎరిక్ బ్రౌన్ వైమానిక జీవితంలో యుద్ధానుభవం

ఎరిక్ బ్రౌన్ పేరెత్తగానే ముందు అంకెలు వినిపిస్తాయి. బ్రిటిష్ నౌకాదళానికి చెందిన ఈ పైలట్ 487 రకాల విమానాలు నడిపారు. విమాన వాహక నౌకల మీద 2,407 సార్లు దిగారు. స్పిట్‌ఫైర్‌లో వచ్చిన మార్పులన్నిటినీ కలిపి ఒక్క రకంగానే లెక్కవేశారని తెలిస్తే మొదటి అంకె ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. అయితే ఈ రికార్డుల వెలుగులో ఆయన పని స్వభావం మరుగున పడిపోయిందని నా అభిప్రాయం. ఆయన జీవితాన్ని మామూలుగా రెండు ముక్కలు చేసి చెబుతారు: మొదట ఫైటర్ పైలట్, ఆ తర్వాత టెస్ట్ పైలట్. ఈ విభజన నిలవదు. పరీక్షించి తెలుసుకునే అలవాటు ఆయనకు యుద్ధంలోనే పట్టుబడింది. ప్రయోగశాలకు వచ్చాక దానికి కొలతలు తోడయ్యాయి.

1941లో ఆయన పనిచేసిన ఆడాసిటీ నౌకతో మొదలుపెట్టాలి. అది జర్మన్ల నుంచి పట్టుకున్న హనోవర్ అనే సరుకుల ఓడ. పైభాగం కోసేసి చదునైన డెక్కు బిగించారు. విమానాలను లోపల దాచుకునే హ్యాంగర్ కూడా లేదు. మార్ట్‌లెట్ ఫైటర్లు ఎండకూ వానకూ ఉప్పునీటికీ డెక్కు మీదే పడి ఉండేవి. అట్లాంటిక్‌లో ఓడల బారులకు కాపలా కాయడం వాటి పని. ఆ బారులను దూరం నుంచి కనిపెట్టి జలాంతర్గాములకు కబురందించేది ఫోకె వుల్ఫ్ కాండర్ అనే నాలుగింజన్ల జర్మన్ విమానం. వెనకనుంచి, పక్కనుంచి దాని మీదికి పోతే తుపాకుల వానలోకి పోయినట్టే. బ్రౌన్ దానికి ఎదురుగా వెళ్లి, ముక్కు మీద గురిపెట్టారు. ఎదురెదురుగా దూసుకొచ్చే రెండు విమానాల మధ్య గురి చూసుకోవడానికి క్షణాలే దొరుకుతాయి. కానీ కాండర్ బలహీనత అక్కడే ఉంది. ఆయన రెండు కాండర్లను కూల్చారు. ఇందులో సాహసం ఉంది, కాదనను. దానికన్నా నన్ను ఆకట్టుకునేది వరస: గమనించడం, ఒక ఊహ చేయడం, ప్రాణాన్ని పణంగా పెట్టి ఆ ఊహను సరిచూసుకోవడం. మూడేళ్ల తర్వాత ఫార్న్‌బరో పరిశోధనా కేంద్రంలో ఆయన చేసింది కూడా ఇదే.

1941 డిసెంబర్ 21 రాత్రి యు-751 జలాంతర్గామి ఆడాసిటీని ముంచేసింది. గడ్డకట్టించే నీళ్లలో గంటల తరబడి తేలిన తన గుంపులో ఇద్దరే బతికామని బ్రౌన్ రాసుకున్నారు.

1944 నాటికి ఫార్న్‌బరో ముందున్న ఒక సమస్య గాలి గురించినది. డైవ్‌లో వేగం ధ్వని వేగానికి దగ్గరపడే కొద్దీ రెక్కల మీద గాలి ప్రవాహం చెదిరిపోతుంది. ముక్కు కిందికి లాగుతుంది, స్టిక్ ఎంత లాగినా విమానం మాట వినదు. ఏ విమానం ఏ మాక్ సంఖ్య (ధ్వని వేగంతో పోల్చిన వేగం) దాకా పైలట్ చేతిలో ఉంటుందో తేల్చడానికి బ్రౌన్, ఆయన సహచరులు అమెరికన్ ఫైటర్లను ఒక్కొక్కటిగా డైవ్ చేయించారు. లైట్నింగ్ 0.68 దగ్గర, థండర్‌బోల్ట్ 0.71 దగ్గర ఆగిపోయాయి. జర్మన్ల మెసర్‌ష్మిట్ 109, ఫోకె వుల్ఫ్ 190లకు ఆ హద్దు 0.75. మస్టాంగ్‌కు 0.78. బాంబర్లకు కాపుగా మస్టాంగ్‌ను ఎంచుకోవాలని అమెరికన్ జనరల్ డూలిటిల్ తీసుకున్న నిర్ణయానికి ఈ ఫలితాలే దారితీశాయన్నది బ్రౌన్ కథనం. ఇక్కడ పరిశోధకుడు ఒక అడుగు వెనక్కి వేయాలి. బెర్లిన్ దాకా వెళ్లి తిరిగి రాగల ఇంధన సామర్థ్యం మస్టాంగ్‌కు ఎలాగూ ఉంది. ఆ ఒక్క కారణంతోనే అది ముందు వరసలోకి వచ్చేది. అయినా ఈ అంకెల విలువ తగ్గదు. డైవ్ చేసి తప్పించుకునే శత్రువును వెంటాడవచ్చా, వద్దా అన్న ప్రశ్నకు అప్పటిదాకా పైలట్ల అనుభవమే జవాబు. ఇప్పుడు దానికి రెండు దశాంశ స్థానాల కొలత దొరికింది.

యుద్ధం ముగిశాక జర్మన్ విమానాలను సేకరించి నడిపి చూసే బాధ్యత ఆయన మీద పడింది. చదువుకునే రోజుల్లోనే వచ్చిన జర్మన్ భాష ఇప్పుడు అక్కరకొచ్చింది. 1945 జూన్ 10న హూసుమ్‌లో మెసర్‌ష్మిట్ 163 రాకెట్ విమానాన్ని ఇంజన్ శక్తితోనే ఎగరేశారు. రెండు ద్రవాలు కలిస్తే చాలు, భగ్గున మండే ఇంధనం దానిది. ఓడిపోయిన దేశపు మెకానిక్కులతో వాళ్ల భాషలో మాట్లాడి, వాళ్ల సాయంతో ఆ యంత్రాన్ని సిద్ధం చేయించుకున్నారు. అదే భాష ఆయనను బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరానికీ తీసుకెళ్లింది. అక్కడి అధికారులను ప్రశ్నించడంలో బ్రిటిష్ సైన్యానికి ఆయన దుబాసీగా నిలిచారు. జర్మన్ ఇంజనీర్ల నైపుణ్యాన్ని జీవితాంతం మెచ్చుకున్న మనిషి బెల్సెన్‌ను కళ్లారా చూసినవాడు కూడా. ఆయన రచనలను చదివేవారు ఈ రెంటినీ పక్కపక్కనే పెట్టుకోవాలి.

కొలిచే పరికరం ఒక్కోసారి పైలట్ శరీరమే. డి హావిలాండ్ 108 అనే తోకలేని జెట్ మూడే తయారయ్యాయి. మూడూ కూలాయి, మూడుసార్లూ పైలట్లు చనిపోయారు. మొదటివాడు కంపెనీ స్థాపకుడి కొడుకు జెఫ్రీ డి హావిలాండ్, 1946 సెప్టెంబర్ 27న. ఆ ప్రమాదపు మర్మం తెలుసుకోవడానికి బ్రౌన్ 1949లో అలాంటి విమానమే ఎక్కారు. 4,000 అడుగుల ఎత్తున, మాక్ 0.88 దగ్గర, విమానం ఒక్కసారిగా పైకీ కిందికీ ఊగిపోయింది. గడ్డం ఛాతీకి తగిలేంత విసురు. ఆయన స్టిక్‌నూ థ్రాటిల్‌నూ కలిపి వెనక్కి లాగారు, ఊపు ఆగింది. పొడగరి అయిన డి హావిలాండ్ తల కాక్‌పిట్ పైకప్పుకు కొట్టుకుని ఉంటుందనీ, తన పొట్టితనమే తనను కాపాడిందనీ ఆయన అంచనా. నేలమీది ఏ పరికరమూ ఈ సంగతి చెప్పగలిగేది కాదు.

ఇక డెక్కుల సంగతి. ఆడాసిటీలాంటి ఇరుకు డెక్కు మీద దిగడం నేర్చిన చేతులకే కొత్త రకం విమానాలు వరసగా వచ్చిపడ్డాయి. 1944 మార్చి 25న ఇండిఫాటిగబుల్ మీద మస్కిటోను దించారు. రెండింజన్ల భారీ విమానం అది. వేగం తగ్గించి, ఇంజన్ల బలం మీదే వేలాడదీస్తూ తేవాలి. ఆ క్షణంలో ఒక ఇంజన్ ఆగితే చేయగలిగిందేమీ లేదు. 1945 డిసెంబర్ 3న ఓషన్ మీద సీ వాంపైర్ దిగింది. నౌక మీద జెట్ విమానం దిగడం ప్రపంచంలో అదే మొదలు. ప్రొపెల్లర్ విమానానికి థ్రాటిల్ తెరవగానే రెక్కల మీద గాలి ఊపు వస్తుంది. ఆనాటి జెట్ ఇంజన్ మెల్లగా పుంజుకునేది, తప్పు దిద్దుకునే వ్యవధి ఇచ్చేది కాదు.

ఆ తర్వాత చేసిన ప్రయోగం వింతగా అనిపిస్తుంది: చక్రాలు దించకుండా రబ్బరు పరుపులాంటి డెక్కు మీద పొట్ట ఆనించి దిగడం. చక్రాల బరువు తగ్గితే విమానం మరింత వేగంగా, దూరంగా పోగలదన్నది ఆలోచన. 1947 డిసెంబర్‌లో ఫార్న్‌బరోలో నేలమీద చేసిన మొదటి ప్రయత్నంలోనే వాంపైర్ దెబ్బతింది, బ్రౌన్‌కు గాయం కాలేదు. 1948 నవంబర్‌లో వారియర్ నౌక మీద పద్ధతి కుదిరింది. కానీ చక్రాల్లేని విమానాన్ని డెక్కు మీద కదిలించాలంటే ప్రతిసారీ క్రేన్ కావాలి, అందుకే దాన్ని వదిలేశారు. చరిత్రకారులు ఇక్కడే పేజీ తిప్పేస్తారు. నేను ఆగుతాను. ఈ రబ్బరు డెక్కు గురించిన చర్చల్లోంచే 1951లో నౌకాదళ అధికారి డెనిస్ క్యాంబెల్, ఫార్న్‌బరో ఇంజనీరు లూయిస్ బాడింగ్టన్‌లకు దిగే బాటను ఓడ నడుమ గీతకు ఏటవాలుగా తిప్పాలన్న ఊహ వచ్చింది. అలా తిప్పితే, దిగే విమానాన్ని పట్టి ఆపే తాడును అందుకోలేకపోయిన విమానం ముందు నిలిపిన విమానాలను గుద్దకుండా మళ్లీ గాల్లోకి లేస్తుంది.

మనకు పరిచయమైన ఒక ఓడ ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. బ్రిటన్ సగం కట్టి ఆపేసిన హెర్క్యులిస్‌ను భారత్ 1957లో కొని, బెల్‌ఫాస్ట్‌లో ఏటవాలు డెక్కుతో పూర్తి చేయించింది. 1961 మార్చి 4న అది విక్రాంత్‌గా మన నౌకాదళంలో చేరింది. 1971 డిసెంబర్‌లో దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం తీరంలోనే మునిగిపోయింది. అప్పటికి విక్రాంత్ అక్కడ లేదు. దాని సీ హాక్ జెట్‌లు చిట్టగాంగ్, కాక్స్ బజార్‌ల మీద దాడి చేసి, బంగాళాఖాతంలో ఆ ఏటవాలు బాట మీదికే తిరిగొచ్చి దిగాయి.