కథాలోకములు - వానికిఁ దగిన భూమి

కథ విన్నవాఁడు రెండు ప్రశ్న లడుగును: తరువాత నేమి జరిగినది? అది యెక్కడ జరిగినది? మొదటిదానికిఁ గవియే సమాధానము చెప్పును. రెండవదానికి మన దేశమున స్థలపురాణములు చిరకాలముగా సమాధానము చెప్పుచు వచ్చినవి. గడచిన డెబ్బదియేండ్లలో వినోదోద్యానములును జెప్పఁదొడఁగినవి. 1955 వ సంవత్సరము జూలై 17 వ తేదీని వాల్టు డిస్నీ కాలిఫోర్నియాలోని అనహైమునఁ దెఱపించిన డిస్నీలాండునందు ఒక్కొక్క కథాప్రపంచమునకు నొక్కొక్క భూఖండమును గొలిచి యిచ్చి, ప్రవేశరుసుము పెట్టి, చూడవచ్చినవారిని గథలో నడపించు పద్ధతి స్థిరపడినది. 2010 లో ఫ్లారిడా రాష్ట్రపు ఓర్లాండోయందు హారీ పాటరు కథలకును, 2019 లో డిస్నీవారి యుద్యానములలోనే 'స్టార్ వార్స్' చిత్రములకును నట్టి భూములు లభించినవి. పండితులు చదువు పత్రికలో నీ ప్రస్తావన యేల యని యడుగువా రుందురు. ఏ కథకు భూమి నీయఁదగును, ఏ కథకుఁ దగదు అను వివాదము మనకుఁ గ్రొత్తది గాదు. దానికి సాక్ష్యములు కొన్ని మా హాలహర్వికి సమీపముననే యున్నవి గనుక వానిని ముం దుంచుకొని విచారింపఁ దలఁచితిని.

దశరూపకకర్తయైన ధనంజయుఁడు ఇతివృత్తమును బ్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూఁడు విధములుగా విభజించినాఁడు. ఇతిహాసపురాణాదులనుండి గ్రహింపఁబడినది ప్రఖ్యాతము. కవి తన బుద్ధిచేఁ గల్పించినది ఉత్పాద్యము. రెండును గలసినది మిశ్రము. ప్రఖ్యాతమునుగూడఁ గథాలోక మనుట యాస్తికుల మనస్సును నొప్పించునేమో. కథచేఁ దెలియఁబడు లోక మను నర్థముననే యా మాటను వాడుచున్నాను. జరిగినదా, జరుగలేదా యను విచారము నాకుఁ బ్రస్తుతము గాదు.

వ్యాకరణమున నాధారమున కధికరణ మని పేరు. అది త్రివిధము. చాపపైఁ గూర్చున్నవానికిఁ జాప యాధార మగుట యౌపశ్లేషికము. ఇందుఁ దాఁకియుండుట మాత్రమే కలదు, చాపను మార్చినను మనుష్యుఁడు మాఱఁడు. మోక్షమునందుఁ గోరిక యున్న దనుట వైషయికము. ఇందుఁ దాఁకుటయు లేదు, మనస్సు దానివైపునకుఁ బోవుట మాత్రమే. నువ్వులయందు నూనె యున్న దనుట యభివ్యాపకము. గింజలో నూనె లేని చోటు లేదు. కథకును భూమికిని గల సంబంధమును నీ మూఁటితోఁ గొలిచి చూచినచో నీ విషయమునఁ బుట్టు తగవులు చాల మట్టుకుఁ దీఱునని నా యభిప్రాయము.

బళ్లారి మీఁదుగాఁ బడమటికిఁ బోయి తుంగభద్రను జేరినచో హంపియు ఆనెగొందియు గలవు. ఆ ప్రాంతమే కిష్కింధ యని ప్రజల విశ్వాసము. పంపాసరస్సు, ఋష్యమూకము, మతంగపర్వతము, మాల్యవంతము, అంజనాద్రి, వాలిసుగ్రీవుల గుహలు - ఇన్ని పేళ్లు కొలఁది క్రోసుల లోపలనే యున్నవి. పేరుండుట గొప్ప గాదు. సీత స్నానమాడిన గుండము, భీముఁడు వంట చేసిన పొయ్యి మన దేశమున నూరూరను గలవు. ఒక్క పేరును నేయూరివారైనను దెచ్చి తమ ఱాతికిఁ బెట్టుకొనవచ్చును. ఆనెగొందియందలి విశేషము పేళ్లకుఁ బరస్పరముగల సంబంధము. మతంగమహర్షి శాపముచే వాలి ఋష్యమూకమున నడుగిడరాదు. కావుననే సుగ్రీవుఁ డచట దాఁగెను. వాలివధానంతరము రాముఁడు పట్టణమున కేఁగక వానకాలమంతయు వేఱొక గిరిపైఁ గడపెను. కాఁబట్టి యీ కథకు నొక పట్టణము, దానికిఁ జేరువనే యుండియు నొకనికి నిషిద్ధమైన కొండ, పట్టణమును జూచుచు నెదురుచూచుటకు మఱియొక కొండ - ఇవి యన్నియు నొక్కచోటఁ గావలెను. ఒక పేరును గదలింపవచ్చును గాని యిట్టి సంబంధముల నన్నిటిని మూటగట్టి వేఱొకచోటికిఁ గొనిపోవుట కష్టము. విజయనగరరాజులును దీని నెఱిఁగియే కాఁబోలు, రాజప్రాసాదములనడుమ నున్న హజారరామాలయపు గోడలపై రామాయణకథ నంతయుఁ జెక్కించిరి. ఇది యభివ్యాపకమునకు లక్ష్యము. 1986 లో హంపి కట్టడములు ప్రపంచవారసత్వపుఁ బట్టికలోఁ జేరినవి.

అయినను దగవు తప్పలేదు. 2021 వ సంవత్సరము ఏప్రిల్ 21 వ తేదీని శ్రీరామనవమినాఁడు తిరుమల తిరుపతి దేవస్థానమువారు హనుమజ్జన్మస్థలము తిరుమలయందలి యంజనాద్రియే యని ప్రకటించిరి. ఆనెగొందిపక్షమువా రొప్పుకొనలేదు. రెండు పక్షములవారును బురాణవచనములను జూపిరి. జననము ఒక్కమాఱు జరుగు క్రియ గనుక దాని కొక్కటియే యధికరణ ముండవలె నని యిరువురును దలఁచుటచే నీ తగవు పుట్టినది. జన్మస్థలముమాట యెట్లున్నను, పైని జెప్పిన సంబంధములచేఁ గిష్కింధాలోకమునకుఁ దుంగభద్రాతీరమందలి హక్కు చెడదు. జన్మించినచోటును, బెరిగి పనిచేసినచోటును వేఱగుట మనుష్యులలో సామాన్యమే కదా.

ఇంత బలము లేని స్థలములు పెక్కులు. భద్రాచలమునకు దాపున నున్న పర్ణశాలయందు సీతాదేవి, మాయలేడి, భిక్షకై వచ్చిన రావణుఁడు మున్నగు ప్రతిమ లుంచి కథను జూపుచున్నారు. నాసికవారు పంచవటి తమదందురు. లేపాక్షిమాట మఱింత విచిత్రము. రాముఁడు జటాయువును "లే, పక్షీ" యన్నందున నా పేరు వచ్చినదని చెప్పుదురు. రాముఁడు తెనుఁగున నేల పలికె నన్న శంక నటుంచి, లేపాక్షిలోని పకారమునకు దీర్ఘ మెక్కడనుండి వచ్చినదో యీ వ్యుత్పత్తి చెప్పువారు చెప్పరు. ఇంతకును వీరభద్రాలయమును గట్టించిన విరుపణ్ణ వీరణ్ణల కీర్తికి జటాయువుతోఁ బని లేదు. కేరళమునఁ జడయమంగళము కొండపై రాజీవ్ అంచల్ అను శిల్పి 200 అడుగుల పొడవుగల జటాయువును నిర్మించి, 2018 లోఁ బ్రజలకుఁ జూపించెను. అది గొప్ప శిల్పమే. అయినను గొండపైఁ బక్షి మాత్రమే యున్నది; రాముఁడు వచ్చుటకును, రావణుఁడు పోవుటకును దిక్కు లక్కడ నేర్పడలేదు.

ఇఁక మాకు దాపుననే యున్న దేవరగట్టును గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. హొళగుంద మండలమున నీ గట్టుపై మాళమల్లేశ్వరస్వామి వెలసియున్నాఁడు. మణి, మల్లు లను నిరువురు రాక్షసులను శివుఁడు భైరవరూపమున నిట సంహరించె నని కథ. విజయదశమినాఁటి నడిరేయి స్వామికిఁ గల్యాణమైన పిదప నుత్సవమూర్తులను గొండ దింపి యూరేఁగింతురు. నెరణికి, నెరణికితండా, కొత్తపేట గ్రామములవా రొకవంకను, దక్కిన గ్రామములవా రొకవంకను గఱ్ఱలు పట్టి యా మూర్తులకొఱకుఁ బెనఁగులాడుదురు. దివిటీల వెలుఁగులోఁ బాదాలగట్టు, రక్షపడ, శమీవృక్షము, ఎదురుబసవన్నగుడి - ఇట్లు మజిలీ మజిలీగాఁ గథ నడచి తెల్లవాఱుసరికి ముగియును. రక్షపడయొద్ద నొక వంశమువాఁడు తన తొడను గోసికొని రాక్షసులకుఁ బిడికెఁడు నెత్తు రర్పించును. అటుపిమ్మట భవిష్యవాణి చెప్పుదురు. దీనికి బన్ని యుత్సవ మని పేరు. బన్ని యనఁగాఁ గన్నడమున జమ్మిచెట్టు. శమి యగ్నిగర్భ గనుక వహ్నిశబ్దమునుండి యా మాట వచ్చినదందురు. 1953 వఱకు నాలూరు, ఆదవాని తాలూకాలు బళ్లారి మండలమున నుండుటచే నిట్టి కన్నడపదములు మా తెనుఁగున నిండియున్నవి.

ఈ కథ దేవరగట్టునకే పరిమితము గాదు. మణిమల్లులను జంపినవాఁడు కన్నడదేశమున మైలారుఁడు, మహారాష్ట్రమున జేజూరి ఖండోబా. మైలారుభటుల సాహసములను గ్రీడాభిరామకర్త యోరుఁగల్లు వీథులలో వర్ణించియున్నాఁడు. ఒక్క కథ యిన్ని నేలలను నాశ్రయించుటను బట్టి యేదో యొకటి నిజమనియుఁ దక్కినవి కల్లలనియుఁ జెప్పఁబోము. నువ్వులు వేఱువేఱు చేలఁ బండినను నన్నిటను నూనె యుండును. వినోదోద్యానమున కెన్నఁడును రాని గుణ మొకటి దేవరగట్టున నున్నది. అక్కడికి వచ్చినవాఁడు ద్రష్ట గాఁడు, కర్త. టికెట్టు కొని గథను జూచి వెళ్లువాఁడు గాఁడు. వాఁడు లేనిదే యా రాత్రి కథయే జరుగదు.

ఇందుకు మూల్యమును జిన్నది గాదు. ప్రతివత్సరమును దలలు పగిలినవారిని ఆలూరు, ఆదవాని యాసుపత్రులకుఁ జేర్చుచున్నారు. కొన్నియేండ్లఁ బ్రాణములును బోయినవి. కఱ్ఱలను మాన్పింప నధికారులు చేసిన ప్రయత్నములు చాల మట్టుకు ఫలింపలేదు. ఆచారమును గౌరవించువాఁడనే యైనను నొకమాట చెప్పక తప్పదు. కథలోని రాక్షసు లిద్దఱు, వారొక్కమాఱే చచ్చిరి. మఱునాఁ డాసుపత్రి మంచముపైఁ బడియున్న కుఱ్ఱవాఁడు రాక్షసుఁడు గాఁడు. కఱ్ఱకుఁ దగిలించు నినుపకట్టును దీసివేసినంతమాత్రమునఁ గథకుఁ గొదవ రాదు. అట్లని దీనిని మెట్లపై నాసనములు వేసి వేడుకగాఁ జూపఁదలఁచువా రెవరైన నున్నచో వారిని నంతకంటె గట్టిగా వారింపవలెను. నెత్తురును జూచుటకు రుసుము పుచ్చుకొనుట మఱింత నీచము.

ఉత్పాద్యవస్తువు సంగతి చూతము. కల్పితలోకమును గట్టి చూపుట మనకుఁ దెలియనిది గాదు. మయుఁడు గట్టిన సభలో నీరున్నచోట నేలయనియు, నేలయున్నచోట నీరనియు భ్రమించిన దుర్యోధనుని పరాభవమే భారతయుద్ధమునకు దోహద మయ్యెను. 1957 లో విజయావారు తీసిన మాయాబజారు చలనచిత్రమున, ఘటోత్కచుఁడు కౌరవులను వంచించుటకై యొక మాయానగరమును గట్టించును. విడిదికి వచ్చినవారు కథలోఁ బడి నవ్వులపా లగుదురు. ఇది యుద్యానముపై నెవరు వ్రాసిన వ్యాఖ్యానముకంటెను మేలైనది. తాడిపత్రిలోఁ బుట్టిన కె.వి. రెడ్డిగారు దానికి దర్శకులు. ఆ బజారును మదరాసున గట్టిరి. చిత్రము ముగిసినపిదప నది మిగులలేదు. మాయ గదా, మిగులకుండుటయే దానికిఁ దగును.

1996 లో హైదరాబాదు వెలుపల నేర్పడిన రామోజీ ఫిల్ముసిటీలో మిగిలించు పద్ధతి వచ్చినది. 2015, 2017 సంవత్సరములలో వెలువడిన బాహుబలి చిత్రములకై సాబు సిరిల్ నిర్మించిన మాహిష్మతీనగరపుఁ గట్టడములను జనులకుఁ జూపుచున్నారు. తెలుఁగువారి కల్పితకథ కొకదానికి భూమి దొరకుట యిదియే ప్రధానోదాహరణము. అయినను ధనంజయుని లెక్కను జూచిన నిది శుద్ధోత్పాద్యము గాదు, మిశ్రము. మాహిష్మతి నర్మదాతీరమునఁ గార్తవీర్యుని రాజధాని. కాళిదాసు నిందుమతీస్వయంవరమున దానిని స్మరించెను. పేరు ప్రఖ్యాతము, ఊరు కల్పితము. ఆ సింహాసనము, ఆ విగ్రహములు చూచి పిల్లలు సంతోషించుచున్నారు. అందు దోషము లేదు. కాని యా నగరము రంగారెడ్డి మండలపు ఱాళ్లపైఁ జాపవలె పఱవఁబడినది. రేపు మఱియొకచోట బఱచినను మాహిష్మతియే.

అట్లయిన నుత్పాద్యకథలలో నేది భూమి కర్హము? యాత్రామార్గమునే కథలు చెప్పుటకు సాధనముగాఁ జేసికొన్న మధిర సుబ్బన్నదీక్షితులవారి కాశీమజిలీకథలను గొందఱు చెప్పుదురు. మణిసిద్ధుఁడు గోపునికి మజిలీ కొక కథ చెప్పును. పథకము చేతికే యున్నది. నా మనస్సు మాత్రము మా కర్నూలు సీమకు దగ్గఱయైన యింకొక గ్రంథమువైపునకుఁ బోవుచున్నది. పింగళి సూరన పదునాఱవ శతాబ్దమున నంద్యాల కృష్ణరాజున కంకితము చేసిన కళాపూర్ణోదయము అది. ఎనిమిదాశ్వాసముల యీ ప్రబంధమునఁ గథ యుత్పాద్యమే. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914 లో వెలువరించిన కవిత్వతత్త్వవిచారమున దీనిని మిక్కిలి కొనియాడిరి.

ఆ కథ కీలకమును బాఠశాలాపండితు లెఱుఁగుదురు. బ్రహ్మ సరస్వతితో సరసమాడుచు నూరక యొక కథ చెప్పును. అందలి పేళ్లు చాల మట్టుకు నెదుట నున్న కొలనునుండియు, దేవి యవయవములనుండియు శ్లేషచేఁ బుట్టినవి; కాసారమునుండి కాసారపుర మేర్పడినది. చెప్పినవాఁడు బ్రహ్మ గనుక నా మాటలు వ్యర్థము గాక భూలోకమున నక్షరాల జరుగును. క్రముకకంఠోత్తర మను నగరము వెలయును, కళాపూర్ణుఁడు దాని నేలును. దేవరగట్టున నేల ముందున్నది, కథ దాని నాశ్రయించినది. మాహిష్మతియందుఁ గథ ముందు, నేలను వెలయిచ్చి తెచ్చిరి. కళాపూర్ణోదయమునఁ బదమే నేలను గన్నది. అధికరణములు మూఁటిలో నేదియు దీనికిఁ జాలదు. ఇందు శబ్దము కర్త, భూమి కర్మ.

దీనికి నంద్యాలయొద్దఁ గాని వేఱొకచోటఁ గాని యొక తోఁటను గట్టఁదలఁచినచో శిల్పికిఁ గష్టము మెండు. కథ చివరనుండి మొదటికిఁ దెలియును. నిజమైన రంభానలకూబరు లెవరో, వారి రూపము దాల్చినవా రెవరో వెంటనే తెలియరాదు. వచ్చినవాఁడు మొదట ద్వారకలో వీణను వినవలెను, మృగేంద్రవాహనాలయమున భయపడవలెను, ఊయలలోని శిశువైన మధురలాలస పూర్వజన్మమును జెప్పఁగా విని, తాను నడచివచ్చినదారి కర్థము దెలిసికొనవలెను. బ్రహ్మ సరస్వతులు గూర్చున్న కొలను కడపటఁ గనఁబడవలెను. రథములు, యంత్రములు తిరుగు నుద్యానములలో నిట్లు వెనుకకు నడచు కథను నే నెన్నఁడును వినలేదు. దానిని గట్టఁగల శిల్పికి సూరనను జదివి చెప్పవలసినవారు మన పాఠశాలలలోని పండితులే. ప్రస్తుతము తరగతిలో నా ప్రబంధమునుండి రెండు మూఁడు పద్యములకు మించి చెప్పుటకు వారికి వేళ చిక్కుట లేదు.