మందపాటి గిటార్ పిక్

గిటార్, మాండలిన్ తీగలను మీటే పిక్‌లలో సుమారు 1 మిల్లీమీటరు మందం దాటి, వేళ్లతో నొక్కినా వంగనంత బిరుసుగా ఉండేవాటిని మందపాటి పిక్‌లంటారు. వీటిని సెల్యులాయిడ్, నైలాన్, డెల్రిన్ వంటి పదార్థాలతో చేస్తారు. నేర్చుకునేవారికి పలుచని పిక్కే మేలన్న మాట తరచూ వినబడుతుంది. అది తీగలన్నిటినీ ఒకేసారి వాయించే స్ట్రమ్మింగ్ వరకే నిజం. ఒక్కో స్వరాన్ని విడిగా పలికించాల్సిన చోట మందపాటిదే నయం. పదార్థం, ఆకారం ఒకటే అయితే బిరుసు మందపు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది: 0.5 మి.మీ. పిక్ కంటే 1 మి.మీ. పిక్ 8 రెట్లు, 1.5 మి.మీ. పిక్ 27 రెట్లు బిరుసు. పొరలు పొరలుగా విడివడే మార్కాపురం పలకల రాయిని చూసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. విడి పొరలు రెండు పేరిస్తే బిరుసు రెండింతలే, అవే పొరలు అతుక్కుని ఉంటే ఎనిమిదింతలు. పలుచని పిక్‌లు రెండు కలిపి పట్టుకున్నా మందపాటి పిక్ పని జరగనిది అందుకే.

పలుచని పిక్ తీగకు తగలగానే ముందు తానే వంగుతుంది, చేతి బలం కొంత ఆ వంపులోనే పోతుంది. మందపాటిది తీగనే పక్కకు నెట్టి వదులుతుంది. కర్ణాటక బాణీలో వాయించేవారికి ఈ తేడా చిన్నది కాదు. ఒక్క మీటు మీదే ఎడమచెయ్యి గమకంతో రెండు మూడు స్వరాలు పలికించాలి, మీటు నీరసంగా ఉంటే చివరి స్వరం వినబడదు. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌లో జంట తీగల బదులు ఐదు ఒంటి తీగలు, ఎలక్ట్రిక్ వాద్యం వాడి గమకాలకు తగినట్టు నాదం నిలిచేలా చేశారు. నాదం నిలవడంలో పిక్‌ది చిన్న వాటాయే అయినా, మొదటి వాటా దానిదే. సరోద్ మీటే పిక్‌ను జవా అంటారు, దాన్ని సాధారణంగా కొబ్బరిచిప్పతో చేస్తారు, అదీ వంగదు.

మందపాటి పిక్‌తో తీగ తెగుతుందని, చెయ్యి బిగుసుకుపోతుందని అభ్యంతరం. పాత పట్టు మారనంతకాలం అది నిజమే. ఇదివరకు పిక్ వంగి కాచిన తప్పును ఇప్పుడు వేళ్లే కాయాలి. మొన రెండు మూడు మిల్లీమీటర్లే బయటికి ఉంచి, పట్టు కాస్త సడలించి, అంచును తీగకు ఏటవాలుగా తాకిస్తే పిక్ చిక్కుకోకుండా జారిపోతుంది. మరీ వాలితే మాత్రం చుట్టతీగల మీద గీరిన చప్పుడొస్తుంది. 0.7 నుంచి 1కి, ఆపైన 1.5కి వెళ్లడం చేతికి సుఖం. కొంతకాలం వాయించాక పిక్‌ను వెలుతురుకు పట్టి చూస్తే మొన ఒక పక్కే అరిగి కనిపిస్తుంది, చెయ్యి ఎటు వాలుతోందో ఆ అరుగుదలే చెబుతుంది.